అమ్మకు స్టంట్ వేశాక నెలనెలా మందులు కొనలేకపోతున్నాం, దారి చెప్పండి (హాలియా, నల్లగొండ జిల్లా)

హాలియా అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పోయినేడు గుండెపోటు వస్తే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఆరోగ్యశ్రీ కింద స్టంట్ వేశారు. ఆపరేషన్‌కు మా జేబులోంచి పైసా పోలేదు. డిశ్చార్జ్ రోజు కొన్ని రోజులకు సరిపడా మందులు కూడా చేతిలో పెట్టి పంపారు. ఆ తర్వాత నుంచి మేమే కొంటున్నాం. షుగర్, బీపీ కూడా ఉన్నాయి కాబట్టి అన్నీ కలిపి నెలకు ఐదున్నర వేలు అవుతోంది. నాయినకు రెండెకరాల పత్తి. నాది మిర్యాలగూడలో మొబైల్ షాపులో పని, జీతం పద్నాలుగు వేలు. తమ్ముడు ఈ మధ్యే చౌటుప్పల్ దగ్గర ఒక కంపెనీలో చేరాడు. చెల్లె డిగ్రీ చదువుతోంది.

అమ్మ మందులన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో పెట్టుకుంటుంది. మొన్న ఆ డబ్బా తీసి చూస్తే రక్తం పల్చబడే గోలీల షీట్లు రావాల్సిన దానికంటే ఎక్కువ మిగిలి ఉన్నాయి. షీటును కత్తెరతో ఒక్కో గోలీగా కోసి, విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టింది. ఇదేందమ్మా అంటే, "పొద్దున ఒకటి వేసుకుంటున్న గద బిడ్డా, రాత్రిది వచ్చే నెలకు పనికొస్తది" అన్నది. షుగర్ గోలీ కూడా రోజు విడిచి రోజు వేసుకుంటోంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఆరోగ్యశ్రీలో నెలనెలా మందులు ఇవ్వరా? జన ఔషధి అని చవకగా అమ్మే సర్కారు కేంద్రాల మందులు గుండె పేషెంటుకు వాడొచ్చా? మా దగ్గర ఒకాయన సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి మందుల పైసలు ఇప్పిస్తానని, ముందు రెండు వేలు ఇమ్మంటున్నాడు. ఇది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ అంగన్‌వాడీ టీచర్:

తమ్ముడూ, ముందు అమ్మను ఏమీ అనకు. ఇంట్లో ఆడవాళ్లు ఖర్చు తగ్గించాలనుకుంటే మొదట తమ మందుల మీదే పడతారు. మా అత్తమ్మ కూడా ఇంతే. పండక్కి కోడలికి చీర తేవాలని బీపీ గోలీలు మానేసింది.

మా ఆయనకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు జన ఔషధి నుంచే తెస్తున్నాం. రీడింగులు బాగానే ఉన్నాయి. ఖర్చు సగానికి పైగా తగ్గింది. ఒక్క ఇబ్బంది ఏంటంటే, డాక్టర్ చీటీలో కంపెనీ పేరు మాత్రమే రాస్తే కేంద్రంలో వాళ్లు ఇవ్వలేరు. "మందు పేరు రాయండి సార్" అని డాక్టర్‌ను అడగాలి. నేను అడిగితే ఆయన ఏమీ అనుకోలేదు, పక్కనే రాసిచ్చారు. ఇంకోటి, ఒక్కోసారి స్టాక్ ఉండదు. ఫోన్ చేసి వెళ్తే బస్సు కిరాయి మిగులుతుంది. జన ఔషధి సుగమ్ అని ఒక యాప్ ఉంది, అందులో దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ఏ మందు ధర ఎంతో కనిపిస్తుంది.

రిటైర్డ్ ఫార్మసిస్ట్, పాలమూరు:

బాబూ, నేను పాలమూరు వైపు సర్కారు దవాఖానల్లో మందుల కౌంటర్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఈ ఒక్క పని చేయి. రాత్రి గోలీ ఈరోజు నుంచే అమ్మ చేత వేయించు. నువ్వు చెప్పిన తీరు చూస్తే అది రోజుకు రెండుసార్లు వేసుకునే టికాగ్రెలార్ అయ్యుంటుంది. దాని ప్రభావం ఎక్కువసేపు ఉండదు, అందుకే రెండు పూటలా రాస్తారు. స్టంట్ వేసిన మొదటి ఏడాదిలో ఈ గోలీ ఎగ్గొడితే స్టంట్ లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకడితే మళ్లీ గుండెపోటే. బీపీ గోలీ ఒక పూట మరిచిపోవడం వేరు, ఇది వేరు. మరిచిపోయిన పూటకు కలిపి ఒకేసారి రెండు వేయొద్దు, మామూలు టైముకు మామూలు డోసే. ఇన్నాళ్లు ఒక పూటే వేసుకుంటోందన్న సంగతి గుండె డాక్టర్‌కు దాచకుండా ఫోన్‌లోనైనా చెప్పు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రెండోది, ఆ పైసలు అడిగినాయనకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. సీఎం రిలీఫ్ ఫండ్ అనేది హాస్పిటల్‌లో చేరి ఖర్చు పెట్టుకున్న బిల్లులకు. దరఖాస్తు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పోతుంది, 2024 నుంచి ఆన్‌లైన్ చేశారు. నెలనెలా కొనే గోలీలకు అది దారి కాదు. దరఖాస్తుకు ఫీజు కూడా లేదు.

ఇప్పుడు నీ మెడికల్ షాపు బిల్లు తీసి, ఏ మందు ఎంత పడిందో ఒక్కోటీ ఇక్కడ పెట్టు. మొత్తం ఐదున్నర వేలు అంటే నాకు ఏమీ తెలియదు. ఏ గోలీ ఎంత తింటుందో చూడాలి.

హాలియా అబ్బాయి:

సార్, చాలా థాంక్స్. రాత్రి గోలీ నా ముందే వేసుకుంది. డాక్టర్ గారి హాస్పిటల్‌కు ఫోన్ చేసి చెప్పాను, ఆపకుండా వాడమన్నారు, పేషెంటును తీసుకుని రమ్మన్నారు. మీరన్నది నిజమే, అది టికాగ్రెలార్ 90.

బిల్లు చూసి రాస్తున్నా, నెలకు అటూఇటూగా: టికాగ్రెలార్ 1,600. ఎంపాగ్లిఫ్లోజిన్ 25 అని షుగర్ గోలీ 1,800. సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ రోజుకు రెండు, 900. అటోర్వాస్టాటిన్ 40కి ఐదొందలు. మెటోప్రోలాల్, టెల్మిసార్టన్ రెండూ కలిపి 450. గ్యాస్ గోలీ పాంటోప్రజోల్ 250. ఆస్పిరిన్ పది, పదిహేను రూపాయలు.

రిటైర్డ్ ఫార్మసిస్ట్, పాలమూరు:

ఇప్పుడు చూడు. ఎనిమిది రకాల్లో మూడింటికే 4,300 పోతోంది. మిగతా ఐదు కలిపినా పన్నెండొందల పైచిల్లర. జనం చేసే పని ఏంటంటే, మొత్తం బిల్లు చూసి భయపడి అన్ని గోలీలూ కొంచెం కొంచెం తగ్గిస్తారు. తగ్గించాల్సింది గోలీలను కాదు. ఆ మూడింటి ధరను.

ఎంపాగ్లిఫ్లోజిన్ సంగతి ముందు. దాని పేటెంట్, అంటే ఒకే కంపెనీ అమ్ముకునే హక్కు, మన దేశంలో 2025 మార్చిలో అయిపోయింది. అంతకు ముందు ఒకే కంపెనీ మందు, గోలీ అరవై రూపాయల దగ్గర ఉండేది. మీ బిల్లు చూస్తే మీరు ఇంకా ఆ అరవై రూపాయలదే కొంటున్నారు. పేటెంట్ పోయాక మన కంపెనీలు చాలా అదే మందు తెచ్చాయి, గోలీ పది పదిహేను రూపాయల లోపే దొరుకుతోంది. డాక్టర్ పాత చీటీలో పాత కంపెనీ పేరు ఉండిపోయి, మీరు అదే చూపించి కొంటున్నారంతే. పన్నెండు రూపాయలది వేసుకున్నా నెలకు 360. ఒక్క పేరు మారితే 1,400 మిగులుతాయి.

సిటాగ్లిప్టిన్ పేటెంట్ 2022లోనే పోయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో జన ఔషధి కేంద్రాల్లో పెట్టారు. సిటాగ్లిప్టిన్ 50, మెట్‌ఫార్మిన్ 500 కలిసినది పది గోలీలు 65 రూపాయలకు తెచ్చారు. నెలకు అరవై గోలీలంటే 390. మీరు ఇచ్చేది 900. ఇప్పటి ధర కేంద్రంలో అడుగు.

టికాగ్రెలార్ మాత్రం నీ అంతట నువ్వు ముట్టుకోవద్దు. స్టంట్ వేసి ఏడాది కావొస్తోంది కదా. చాలామందికి ఏడాది నిండాక డాక్టర్లు దాన్ని ఆపుతారు, లేదా క్లోపిడోగ్రెల్ అనే ఇంకో రక్తం పల్చబడే గోలీకి మారుస్తారు. క్లోపిడోగ్రెల్ చాలా చవక, సర్కారు దవాఖానలో ఉచితంగా కూడా దొరుకుతుంది. కానీ ఎవరికి ఎప్పుడు మార్చాలో స్టంట్ ఎక్కడ వేశారు, ఎన్ని వేశారు అన్నదాని మీద ఉంటుంది. అది గుండె డాక్టరే తేల్చాలి. "సార్, అమ్మ ఖర్చుకు భయపడి రాత్రి గోలీ మానేసింది, దీన్ని ఎప్పటిదాకా వాడాలి, తక్కువ ధరలో ఏదైనా ఉందా" అని ఉన్నది ఉన్నట్టు అడుగు. ఇట్లా అడిగితే కోప్పడే డాక్టర్లు తక్కువ. ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్లకు ఎవరూ చెప్పరు, అదే బాధ.

మిగతావి, అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రోలాల్, టెల్మిసార్టన్, పాంటోప్రజోల్, ఇవి సర్కారు దవాఖానల్లో మామూలుగా ఉండే మందులు. మీకు నాగార్జునసాగర్ ఏరియా హాస్పిటల్ ఉంది, మిర్యాలగూడ ఉంది, పెద్దదంటే నల్లగొండ జనరల్ హాస్పిటల్. ఓపీ చీటీ తీసుకుని ఎన్‌సీడీ క్లినిక్ ఎక్కడని అడుగు. బీపీ, షుగర్ పేషెంట్లకు అక్కడ పేరు రాసుకుని నెలనెలా మందులు ఇస్తారు. డిశ్చార్జ్ సమ్మరీ, పాత చీటీలు, ఆధార్ పట్టుకుపో. ప్రైవేటు చీటీ నేరుగా కౌంటర్‌లో పెడితే మందులు ఇవ్వరు. అక్కడి డాక్టర్ చూసి తమ చీటీ మీద రాయాలి. ఇది తెలియక కౌంటర్ దగ్గర గొడవపడి వెళ్లిపోయినవాళ్లను ఎంతమందిని చూశానో. పక్క గదిలో డాక్టర్ రాస్తే మందు వచ్చేది. మోతాదు కూడా చూసుకో. నీకు 40 కావాలి, అక్కడ 10 లేదా 20 ఉంటే ఎన్ని వేసుకోవాలో ఆ డాక్టర్ చేతే కవర్ మీద రాయించు.

ఆరోగ్యశ్రీ గురించి. 2023 డిసెంబర్‌లో పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలు చేశారు. కానీ అది ప్రధానంగా హాస్పిటల్‌లో చేరి చేయించుకునే వైద్యానికే. ఓపీ మందులు అందులో రావు. అయితే కొన్ని పెద్ద ఆపరేషన్లకు డిశ్చార్జ్ తర్వాత ఏడాది దాకా ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. అందులో డాక్టర్ చూడటం, పరీక్షలు, మందులు ఉంటాయి. మీ కేసుకు అది వర్తిస్తుందా అని స్టంట్ వేసిన హాస్పిటల్‌లోనే ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడుగు. రిసెప్షన్‌లో కాదు, ఆరోగ్యమిత్ర టేబుల్ వేరే ఉంటుంది. తేలకపోతే 104కి ఫోన్ చేసి కార్డు నంబర్ చెప్పు. ఏడాది దాటకముందే వెళ్లు.

జన ఔషధి నాణ్యత అడిగావు. ఆ మందులు ల్యాబుల్లో పరీక్ష చేశాకే కేంద్రాలకు వస్తాయి. నేను మా ఇంట్లో అవే వాడతాను. నువ్వు చూసుకోవాల్సింది మూడు: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్, ఈఆర్ లాంటి అక్షరాలు. మెటోప్రోలాల్‌కు ఆ అక్షరాలు ముఖ్యం, నెమ్మదిగా కరిగే గోలీ బదులు మామూలుది రాకూడదు. ఇంకో మాట. మామూలు మెడికల్ షాపులో "జనరిక్ ఇవ్వండి" (పెద్ద కంపెనీ పేరు లేని అదే మందు) అంటే కొన్నిచోట్ల షీటు మీద ధర ఎక్కువ ముద్రించిన జనరిక్ ఇచ్చి, అందులో ఇరవై శాతం తగ్గించామంటారు. తగ్గింపు చూడకు, గోలీకి ఎంత పడిందో చూడు. ఫార్మా సహీ దామ్ అని కేంద్ర ప్రభుత్వ యాప్ ఉంది, ధరలు పోల్చుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి తీసుకో.

చౌటుప్పల్, అకౌంట్స్ సెక్షన్:

తమ్ముడు చౌటుప్పల్ కంపెనీలో చేరాడు అన్నావు కదా, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అతని జీతం ఎంత? నెలకు 21,000 లోపు అయితే చాలా కంపెనీల్లో ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, ఉంటుంది. జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ అని 0.75 శాతం కట్ అయిందేమో చూడమను. కంపెనీ తన వాటాగా 3.25 శాతం కడుతుంది.

ఈఎస్‌ఐ ఉంటే అది అతనొక్కడికే కాదు. అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది, వాళ్ల ఆదాయం నెలకు 9,000 దాటకూడదు. ఆరోగ్యశ్రీలో రాని ఓపీ మందులు ఇక్కడ వస్తాయి. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో డాక్టర్ రాసిన మందులకు డబ్బు కట్టక్కర్లేదు.

మా సెక్షన్‌లో నేను రోజూ చూసేది చెప్తున్నా. పెళ్లికాని పిల్లలు చేరేటప్పుడు ఫారంలో కుటుంబం వివరాలు ఖాళీగా వదిలేస్తారు. అడిగితే "నాకెవరూ లేరు సార్, నేనొక్కడినే రూములో ఉంటా" అంటారు. ఊళ్లో ఉన్న అమ్మానాయిన పేర్లు రాయాలని వాళ్లకు తట్టదు, మేం అడక్కపోతే అట్లనే పోతుంది. నీ తమ్ముడిని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి అమ్మ, నాయిన ఇద్దరి ఆధార్‌లు ఇచ్చి పేర్లు చేర్పించమను. ఈ-పెహచాన్ అనే ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు ప్రింట్ తీసుకోవాలి, అందులో అమ్మ పేరు ఉందో లేదో చూడాలి. కుటుంబం వేరే ఊళ్లో ఉంటే వాళ్లకు దగ్గరి డిస్పెన్సరీ విడిగా పెట్టుకునే వీలుంది, అది కూడా అప్పుడే అడగాలి.

ఈఎస్‌ఐ అన్నీ సాఫీగా ఉంటుందని చెప్పను. క్యూలు ఉంటాయి, ఒక్కో మందు లేదంటారు. గుండె మందులకు పెద్ద డాక్టర్ చీటీ కావాలంటే సనత్‌నగర్ దాకా పంపొచ్చు. అయినా నెలకు వేలల్లో ఖర్చున్న ఇంటికి ఆ తిరుగుడు దండగ కాదు.

హాలియా అబ్బాయి:

అన్నా, తమ్ముడికి జీతం పదహారు వేలు, స్లిప్పులో ఈఎస్‌ఐ కట్ అవుతోంది! ఇన్నాళ్లు మేం ఆ స్లిప్పు చూడనే లేదు. వాడు అమ్మానాయిన ఆధార్ జిరాక్సులు వాట్సాప్‌లో తీసుకున్నాడు, హెచ్‌ఆర్ వాళ్లు పేర్లు చేరుస్తామన్నారట.

ఫార్మసిస్ట్ సార్, అమ్మను డాక్టర్ గారికి చూపించాం. మీరు చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ గోలీ మానేస్తే నేను వేసిన స్టంట్ పనికిరాకుండా పోతది" అన్నారు. అమ్మ తల దించుకుని సరే అన్నది. టికాగ్రెలార్ ఏడాది నిండేదాకా వాడాల్సిందే, ఆ తర్వాత పరీక్షలు చూసి మారుస్తానన్నారు. రెండు షుగర్ గోలీలకూ మందు పేర్లు పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆరోగ్యమిత్ర మేడం కేసు నంబర్ రాసుకుని, ఫాలోఅప్ ఉందో లేదో చూసి చెప్తామన్నారు.

మిగతా మందులు ఓపీలో రాయించుకుంటే నెల ఖర్చు రెండు వేల మూడొందల యాభై దాకా వస్తుందని లెక్క వేశాను. ఇది మేం పెట్టుకోగలం సార్. ఒక డౌట్. ఈఎస్‌ఐ వచ్చేదాకా సాగర్ హాస్పిటల్‌లో పేరు రాయించుకుంటే, తర్వాత ఈఎస్‌ఐకి ఇబ్బంది అవుతుందా? కంపెనీ మారిన షుగర్ గోలీలు వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

రిటైర్డ్ ఫార్మసిస్ట్, పాలమూరు:

ఏ ఇబ్బందీ లేదు. ఓపీకి ఎవరైనా వెళ్లొచ్చు, రేపే వెళ్లండి. ఒక్క జాగ్రత్త, ఒకే మందును రెండు చోట్ల నుంచి తెచ్చుకుని రెండూ వేసుకోకూడదు. సర్కారు కవర్‌లో ఒక పేరు, ప్రైవేటు షీటు మీద ఇంకో పేరు ఉంటే పెద్దవాళ్లు రెండు వేర్వేరు మందులనుకుంటారు. అటోర్వాస్టాటిన్‌తో ఇట్లా జరగడం నా కళ్లతో చూశాను. డిగ్రీ చదివే చెల్లె ఉందన్నావు కదా, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించమను. కొత్త మందు వచ్చిన రోజు పాత కంపెనీ షీట్లు డబ్బాలోంచి తీసి పక్కన పెట్టాలి.

ఇప్పటిదాకా రోజు విడిచి రోజు వేసుకున్న మనిషి ఇప్పుడు రోజూ వేసుకుంటుంది కాబట్టి మొదటి రెండు వారాలు షుగర్ చూపిస్తూ ఉండండి. మీ ఊరి పల్లె దవాఖానలో ఏఎన్‌ఎం దగ్గర షుగర్, బీపీ రెండూ చూస్తారు. చేతులు వణకడం, చెమట, కళ్లు తిరగడం ఉంటే వెంటనే షుగర్ చూసి, తక్కువుంటే ఏదైనా తీపి పెట్టి డాక్టర్‌కు చెప్పండి. ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు నీళ్లు బాగా తాగాలి. పత్తి ఏరేటప్పుడు మూత్రానికి పోవాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, అది వద్దని చెప్పు. మూత్రంలో మంట వస్తే సిగ్గుపడకుండా చెప్పమను. ఆరోగ్యమిత్ర నుంచి వారంలో ఫోన్ రాకపోతే నువ్వే 104కి చేయి, ఏడాది గడువు తేదీ డిశ్చార్జ్ సమ్మరీ మీద చూసుకుని మరీ చేయి.